మామ చేతి రంగు

ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌ని. కత్తి పట్టేది డాక్టరు, కత్తి పడే చోటును సిద్ధం చేసేది నేను. వినడానికి ఇదొక పనా అనిపిస్తుంది. కానీ నా పనిలో తప్పు జరిగితే డాక్టరు ఎంత బాగా కుట్టినా నాలుగో రోజుకు చీము పడుతుంది. కట్టు విప్పగానే వచ్చే ఆ వాసన ఒకసారి చూసినవాళ్ళకు జన్మలో భయం పోదు. నాకూ పోలేదు. అందుకే థియేటర్‌లో నా నోరు మంచిది కాదని పేరు పడిపోయింది. నేను లోపలికి వస్తుంటే ఆయమ్మలు ముక్కు మీది మాస్కు సర్దుకుంటారు.

మా ఊరి చర్మం అంత తేలిగ్గా శుభ్రం కాదు. జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చినవాళ్ళ జుట్టులో, చెవుల్లో, ఆఖరికి బొడ్డులో కూడా దూది ఉంటుంది. ముందు స్నానం చేయించాలి. గోళ్ళు కత్తిరించాలి. వెంట్రుకలు అడ్డమైతే మిషనుతో కత్తిరించాలే గానీ బ్లేడు పెట్టి గీయకూడదు. బ్లేడు చేసే గాట్లు కంటికి కనబడవు, క్రిములకు అవే వాకిళ్ళు. ఆ తర్వాత టేబుల్ మీద మందు పూయడం. కోత పడే చోట మొదలుపెట్టి చుట్లు చుట్లుగా బయటికి పోవాలి. అంచుదాకా పోయిన గుడ్డను మళ్ళీ మధ్యకు తేకూడదు, పారేసి కొత్తది తీసుకోవాలి. మూడు పూతలు. ఆరేదాకా ఆగాలి. ఆగడమే అందరికీ కష్టం. "అయిందా సిస్టర్?" అని డాక్టరు అడిగితే "ఇంకా తడిగా ఉంది సార్" అని మొహం మీద చెప్పే మనిషిని. ఇంత తెలిసినదాన్ని నేను.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దుతాడు. మా నాయన నా చిన్నప్పుడే పోతే, నన్నూ మా అమ్మనూ తన ఇంటికి తీసుకుపోయి, నన్ను నర్సింగ్ దాకా చదివించినవాడు ఆయనే. మా ఇంటి వెనకాల వరసగా తొట్లు ఉండేవి. మరిగే రంగునీళ్ళలో చిలపలు, అంటే నూలు కట్టలు, ముంచడం, తిప్పడం, తీసి పిండడం. మామ రెండు చేతులూ మోచేతుల దాకా నీలంగా, నేరేడు పండు నలిపినట్టు ఉండేవి. గోళ్ళ సందుల్లో రంగు ఎప్పటికీ పోదు. పండగనాడు కొత్త చొక్కా వేసుకున్నా ఆ చేతులు చూస్తే పని ఏమిటో తెలిసిపోయేది. చిన్నప్పుడు ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టినాడు, నేను తిన్నాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఒక సోమవారం పొద్దున రంగు డబ్బా మూత తెరుస్తుంటే రేకు అంచు జారి ఆయన కుడిచేతి నడిమివేలు, ఉంగరం వేలు మొదట్లో లోతుగా తెగింది. ఊళ్ళోనే పైచర్మం కుట్టించుకున్నాడు. "రెండు కుట్లే అమ్మీ, సీమ కుట్టినట్లుండాది" అని ఫోన్లో నవ్వినాడు. వేళ్ళు మడుస్తున్నావా అని అడిగాను. "ఆ రెండు ఏళ్ళూ నా మాట ఇనడం లేదు" అన్నాడు.

మా దగ్గరికి కర్నూలు నుంచి ప్రతి గురువారం చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు వస్తాడు. మామను గురువారం రమ్మన్నాను. డాక్టరు చూసి, వేలిని మడిచే తాళ్ళు రెండూ తెగిపోయాయన్నాడు. మనం నరం అంటాం గానీ అది నరం కాదు, కండను వేలికి కలిపే తాడు. "వాపు ఉంది. అంచులు ఎర్రగా ఉన్నాయి. మందులు వాడి వచ్చే గురువారం చేద్దాం. దెబ్బ తగిలి రెండు వారాలు దాటితే తాడు లోపలికి ముడుచుకుపోతుంది, అప్పుడు నేనేం చేయలేను" అన్నాడు. "చెయ్యి శుభ్రంగా ఉంచుకోండి. కుట్లు తడవకుండా సబ్బుతో కడుక్కోండి. గోళ్ళు తీసుకోండి." అంతే. ఆయన అన్నది అంతే. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, ఎందుకంటే తర్వాత వాటినే వందసార్లు తలుచుకున్నాను.

మామ చెయ్యి డాక్టరు బల్ల మీద ఉన్నప్పుడు పక్కనే నాతో పనిచేసే చిన్న సిస్టర్ నిలబడి ఉంది. నిన్నగాక మొన్న చేరిన పిల్ల. "అక్కా, మీ మామ హోలీ ఆడుకోని వచ్చినాడా ఏంది?" అని నా చెవిలో నవ్వింది. పాపం, ఆ పిల్ల మనసులో ఏమీ లేదు. కానీ నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే పదకొండేళ్ళుగా అక్కడ అందరికీ మా మామది బట్టల వ్యాపారం అని చెప్పుకున్నాను. అబద్ధం. ఎవరూ అడగని అబద్ధం. ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా చెయ్యి ఆగిపోతోంది.

బస్టాండుదాకా మామతో నడిచాను. ఆటోలో పోదామన్నా వినలేదు. దారిలో నేను, నా నోటితో నేనే అన్నాను: "మామా, ఆ రంగంతా పోవాల. రవ్వ కూడా కనపడకూడదు. ఇట్లే వస్తివంటే టేబుల్ ఎక్కించుకోరు."

మామ తన చేతుల వంక చూసుకున్నాడు. "అట్లనా?" అన్నాడు. "పోగొడతాలే" అన్నాడు. బస్సెక్కి కిటికీలోంచి ఎడమచెయ్యి ఊపినాడు. అది కూడా నీలమే.

మళ్ళీ గురువారం పొద్దున్నే వచ్చినాడు. కుడిచేతికి కొత్త తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. మొహంలో ఏదో గెలుపు. నేను తువ్వాలు విప్పకముందే వాసన వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ వాసన. రంగులద్దేవాళ్ళ ఇంట్లో పెరిగినదానికి ఆ వాసన చెప్పాలా? పెళ్ళిళ్ళకు, పేరంటాలకు పోవాల్సి వస్తే మావాళ్ళు బ్లీచింగ్ నీళ్ళలో చేతులు ఒకసారి ముంచి వెంటనే కడిగేస్తారు. రంగు కొంచెం తగ్గుతుంది. మామ ఒకసారి ముంచి ఊరుకోలేదు.

తువ్వాలు విప్పాను. రంగు నిజంగానే పోయింది. మణికట్టు మీద చర్మం కూడా పోయింది. వెనక్కి ఒలిచిన ఉల్లిపొరలాగా లేచి, కింద ఎర్రగా, తడితడిగా ఉంది. అరచేయి తెల్లగా పాలిపోయి పగుళ్ళు తేలింది. తెగిన రెండు వేళ్ళు మాత్రం పాత నీలం రంగులోనే ఉన్నాయి.

"కుట్లు తడవకూడదన్నారు గదా, ఆ ఏళ్ళకు కవరు కట్టుకోని మిగతాదంతా ముంచినా" అన్నాడు మామ. "మూడు దినాలు ముంచినా. రోజుకొక గంట. మంట పుట్టింది గానీ తట్టుకున్నా. ఆ ఏళ్ళు మాత్రం నువ్వే ఎట్లన్నా చెయ్యాలమ్మీ."

ఆపరేషన్ చేయాల్సిన చెయ్యి. చర్మమే మనకు కోట గోడ, ఆ గోడను మూడు రోజులు కూర్చుని పగలగొట్టుకుని వచ్చినాడు. నా మాట మీద. నా చేతిలో ఆ పొద్దు నింపాల్సిన కాగితం ఉంది. అందులో ఒక గడి, 'చర్మం ఎలా ఉంది' అని. 'మామూలు' అని రాసేస్తే అయిపోయేది. పైన గోధుమరంగు అయోడిన్ పూస్తే ఆ ఎరుపు ఎవరికీ కనపడేది కాదు. పూసేది నేనే కదా! దేవుడి మీద ఒట్టు, పెన్ను ఆ గడి మీద పెట్టి నిలబడ్డాను. నాకు ఆ నాలుగో రోజు వాసన గుర్తొచ్చింది. పెన్ను కింద పడేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఏమిటయ్యా ఇది? ఇవాళ కోస్తే మొత్తం చీము పడుతుంది. ఇవాళ కుదరదు."

"మల్ల గురువారానికి రావాల్నా సార్?" అని అడిగినాడు మామ, అమాయకంగా.

గురువారానికైతే దెబ్బ తగిలి పదిహేడు రోజులు. డాక్టరు నా మొహం చూశాడు. ఆయన లెక్క వేసుకుని, "ఆదివారం నేను ప్రత్యేకంగా వస్తాను. పదమూడో రోజు అవుతుంది. అప్పటికి ఈ చర్మం కొంచెమైనా ఆరాలి. ఆరకపోతే వేళ్ళ సంగతి మర్చిపోవాలి" అన్నాడు.

ఆ మూడు రోజులు నేను ఎట్లా బతికానో నాకే తెలియదు. మామను ఊరికి పోనివ్వలేదు, వార్డులోనే ఒక మంచం ఇప్పించాను. నీళ్ళ ధార కింద చెయ్యి పెట్టి బ్లీచింగ్ వాసన పోయేదాకా కడిగాను. చుట్టూ అంటుకోని గుడ్డతో కట్టు. పూటపూటకూ విప్పి చూడాలనిపించేది, విప్పితే క్రిములు పడతాయని భయం, విప్పకపోతే లోపల ఏమవుతోందో అని భయం. శుక్రవారం మామకు ఒళ్ళు కొంచెం వెచ్చగా అనిపించింది. థర్మామీటరు పెట్టి చూస్తే జ్వరం లేదు. నమ్మకం లేక ఇంకో థర్మామీటరు పెట్టాను. నా చేతులే చల్లబడి ఉన్నాయి.

మామకు మాత్రం తన తప్పు ఎంత పెద్దదో అప్పుడే అర్థమైంది. చూడటానికి వచ్చిన ప్రతివాడికీ, "నా అంత తిక్కోడు యాడన్నా ఉంటాడా అన్నా? సెయ్యి కడుక్కోమంటే తోలు ఒలుసుకున్నా" అని చెప్పుకుని నవ్వేవాడు. నేను వార్డులోకి వస్తే ఆ మాట ఆపేసేవాడు. నా పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన మర్చిపోయాడని అనుకున్నాను. మర్చిపోయి ఉండాలని కోరుకున్నాను కూడా.

ఆదివారం డాక్టరు చెప్పిన మాట ప్రకారం వచ్చినాడు. కట్టు విప్పి చాలాసేపు చూశాడు. "అరచెయ్యి పర్వాలేదు. మణికట్టు ఇంకా పచ్చిగానే ఉంది. చేయకపోతే వేళ్ళు పోతాయి, చేస్తే చీము భయం" అని నాతో మెల్లగా అన్నాడు. "చేద్దాం. మీరు జాగ్రత్తగా పూయండి." ఇన్నేళ్ళలో ఆయన నాకు జాగ్రత్త చెప్పడం అదే మొదటిసారి.

చంక దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి చెయ్యి మొద్దుబారేట్టు చేశారు. మామ మెలకువగానే ఉన్నాడు. మొహానికి అడ్డంగా గుడ్డ కట్టాం, చెయ్యి ఇటువైపు. "నా సెయ్యి నాది కానట్లుండాది" అని గుడ్డ అవతల నుంచి అన్నాడు. "ఊరికే ఉండు మామా" అని కసిరాను.

పచ్చిగా ఉన్నచోట స్పిరిట్ వద్దని నీళ్ళ అయోడిన్ మాత్రమే పూశాను. వేళ్ళకు స్పిరిట్ పెట్టాను. పెట్టగానే గుడ్డ నీలంగా అయింది. పారేసి ఇంకోటి తీసుకున్నాను. అదీ నీలమే. ఇంకోటి. స్పిరిట్‌కు రంగు కరిగి వస్తూనే ఉంది. గోళ్ళ అంచుల్లో, గీతల్లో, ఎంత తుడిచినా. మూడు పూతలు ఎప్పుడో దాటిపోయాయి, నేను లెక్క మర్చిపోయి రుద్దుతూనే ఉన్నాను.

"సిస్టర్, చాలు" అన్నాడు డాక్టరు. "ఇంకా రుద్దితే ఈ చర్మం కూడా లేస్తుంది."

"రంగు పోవడం లేదు సార్."

"రంగు మురికి కాదమ్మా. రంగులో క్రిములు ఉండవు. మందు అన్నిచోట్లా తగిలిందా లేదా, అదే కావాల్సింది. నేను శుభ్రంగా ఉంచుకోమన్నాను, రంగు పోగొట్టుకోమని అన్నానా?" ఆయన గుడ్డ వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఏమయ్యా పెద్దాయనా, రంగు పోవాలని నీకు ఎవరు చెప్పారు?"

నా చేతిలో పటకారు, దానికి నీలం గుడ్డ. చిన్న సిస్టర్ నా ఎదురుగానే ఉంది. నేను చెప్పాలి. నోరు తెరిస్తే చాలు.

"ఎవురూ సెప్పల్యా సార్" అన్నాడు మామ గుడ్డ అవతల నుంచి. "నా తిక్కే సార్ అది. అదొకటి ఉండాది నాకు పుట్టినప్పట్నుంచీ."

చిన్న సిస్టర్ ఫక్కున నవ్వింది. డాక్టరూ నవ్వాడు. నేను పటకారు కింద పెట్టి, మందు ఆరేదాకా నిలబడ్డాను.

కోత మొదలైంది. అరచేతిలో తాడు చివరలు దొరికాయి. ముడుచుకుని ఉన్నాయి గానీ లాగితే వచ్చాయి. డాక్టరు ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. నా కళ్ళు మాత్రం కోత మీద లేవు, మణికట్టు మీద కప్పిన ఆకుపచ్చ గుడ్డ మీద ఉన్నాయి. గంట గడిచిన తర్వాత అక్కడ రూపాయి బిళ్ళంత ముదురు మచ్చ కనబడింది. చూస్తుండగానే పెద్దదైంది. కింద పచ్చిచర్మం నుంచి నీరు ఊరి గుడ్డను తడుపుతోంది. గుడ్డ తడిస్తే ఇక అది అడ్డు కాదు. కిందున్న క్రిములు తడిలో పైకి పాకుతాయి, పైన కోత తెరిచి ఉంది.

"సార్, గుడ్డ తడిసింది!" అని అరిచాను. నిజంగా అరిచాను. డాక్టరు చేతులు పైకెత్తి ఆగాడు. ఆ తడిగుడ్డను కదిలించకుండా దాని మీద తడి దిగని కాగితపు గుడ్డ ఒకటి, దాని మీద ఇంకో మందపాటి గుడ్డ వేశాం. గ్లవ్స్ మార్చుకున్నాం. "మంచిపని చేశారు" అన్నాడు డాక్టరు. ఆ మెప్పు నాకు ముల్లులా గుచ్చుకుంది.

"ఏమైందమ్మీ?" అన్నాడు మామ భయంగా. మొదటిసారి ఆయన గొంతులో భయం విన్నాను.

"ఏం కాలేదు మామా" అన్నాను.

నాలుగో రోజు కట్టు విప్పింది నేనే. వేరేవాళ్ళకు ఇవ్వలేదు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. అరచేతి కుట్లు పొడిగా ఉన్నాయి. మణికట్టు దగ్గర ఒక మూల పసుపుగా చీము తేలింది. మందులు మార్చారు. పదిరోజులు పొద్దునా సాయంత్రం కట్టు. పసుపు పాకలేదు, కుట్లదాకా పోలేదు, మెల్లగా ఎండిపోయింది. కానీ ఆ పదిరోజులు వేళ్ళను కదిలించే వ్యాయామం సరిగ్గా చేయించలేకపోయాం. పుండు మీద చెయ్యి వెయ్యనిస్తే కదా!

ఆరు వారాల తర్వాత చేతికి కట్టిన చెక్కపట్టీ తీశారు. "మడవండి" అన్నాడు డాక్టరు. నడిమివేలు మెల్లగా వంగి అరచేతిని తాకింది. ఉంగరం వేలు సగందాకా వచ్చి ఆగిపోయింది. మామ పళ్ళు బిగించి ప్రయత్నించాడు. వేలు వణికింది గానీ రాలేదు. "ఇంతే వస్తుంది. ముందు అనుకున్న గురువారమే చేసి ఉంటే బహుశా పూర్తిగా వచ్చేది" అన్నాడు డాక్టరు. మామ ఆయనకు రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

బస్టాండు ఎదురుగా హోటల్లో ఉగ్గాని, బజ్జీ చెప్పాను. మామ ఎడమచేత్తో తినొచ్చు కదా, తినడు. కుడిచేత్తోనే పిడికిలి పట్టాడు. ఉంగరం వేలు మూసుకోక ఆ సందులోంచి బొరుగులు రాలి చొక్కా మీద పడుతున్నాయి. దులుపుకుంటాడు, మళ్ళీ ఎత్తుతాడు, మళ్ళీ రాలుతాయి. తడిసిన చిలపను ఈ చేత్తో ఎట్లా పిండుతాడు? పిండలేడు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇంక నా వల్ల కాలేదు. "మామా, రంగు పోవాలని చెప్పింది నేనే. డాక్టరు చెప్పలే. ఆ పొద్దు థియేటర్లో అడిగినప్పుడు కూడా నేను నోరు తెరవలే. నీ వేలు పోగొట్టింది నేనే" అన్నాను. అన్నీ ఒక్కసారే చెప్పేశాను. హోటలని కూడా చూడకుండా ఏడ్చాను.

మామ బజ్జీ ముక్క నా ప్లేటులోకి తోశాడు.

"తెల్సులే, తిను" అన్నాడు. "డాక్టరు సబ్బుతో కడుక్కోమన్నేది నాకు ఇనపడల్యా అనుకుంటివా? నాకేమన్నా సెవుడా?"

"మరి ఎందుకు ముంచినావు మామా?"

ఆయన చొక్కా మీది బొరుగులు ఒక్కొక్కటే ఏరుతూ అన్నాడు: "ఆ పిల్ల నీ సెవిలో నగినప్పుడు నీ మొగం సూసినా అమ్మీ. నువ్వు పనిచేసే సోట నా సేతుల వల్ల నీకు నామోషీ రాకూడదని ముంచినా."